తిరగేసి కుట్టిన సంచి

నాకు నోరెక్కువ. ఎవరో అనడం కాదు, నేనే ఒప్పుకుంటాను. నలభై ఏళ్ళుగా కుట్టుమిషను తొక్కుతున్నాను. నా దగ్గరికొచ్చే ఆడవాళ్ళలో నా చేత మాట పడనివాళ్ళు లేరు. నడుము కొలత రెండంగుళాలు తగ్గించి చెప్పేవాళ్ళతో, టేపుకి మొహమాటం ఉండదమ్మా అని మొహం మీదే అనేస్తాను. అలాంటిదాన్ని కోర్టులో బోనెక్కి, ప్రమాణం చేసి, జడ్జి ఎదురుగా నిలబడి ఒక అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం ఎవరి నెత్తిన పడిందో చెప్పుకోవాలనే ఇదంతా.

మా చెల్లెలు నాకంటే ఆరేళ్ళు చిన్నది. మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. నాకు పెళ్ళీ పిల్లలూ లేరు. దాని వంట, నా తిండి అన్నట్టు గడిచిపోయింది. దానికి అన్ని పనులూ వచ్చు, ఒక్క కుట్టు తప్ప. నేర్పుదామని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఒకసారి మొగుడి చొక్కాకి గుండీ కుడుతూ ఆ చొక్కాని తను కట్టుకున్న చీరతో కలిపి కుట్టేసింది. లేచి నిలబడితే చొక్కా కూడా లేచొచ్చింది. మా మరిది నవ్వీ నవ్వీ పొలమారి నీళ్ళు తాగాల్సొచ్చింది. సూదిలో దారం ఎక్కించాలన్నా గోడ మీద రెండుసార్లు కొట్టి నన్నే పిలిచేది.

మరిది పని రేకుల ఫ్యాక్టరీలో. ఇళ్ళ మీద కప్పే రేకులూ నీళ్ళ గొట్టాలూ చేసేవాళ్ళక్కడ. సిమెంటులో కలపడానికి ఆస్‌బెస్టాస్ పీచు సంచుల్లో వచ్చేది. ఆ సంచులు కోసి గుంటలో గుమ్మరించడం అతని పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. "ఏమయ్యా, పిండిమర నుంచి వస్తున్నావా" అని ఎగతాళి చేసేదాన్ని. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, మేమంతా ఉడత అని పిలుచుకునే పిల్ల, పరిగెత్తుకెళ్ళి అతని కాళ్ళు చుట్టేసుకునేది. చెల్లెలు ఆ బట్టలు పెరట్లో దులిపి, తొట్టెలో నానబెట్టి, చేత్తో ఉతికేది. పదహారేళ్ళు ఉతికింది.

ఖాళీ సంచులు పారేసేవాళ్ళు కాదు. శనివారం గేటు దగ్గర అందరూ వరసలో నిలబడితే మేస్త్రీ మనిషికి నాలుగు చొప్పున పంచేవాడు. చిక్కటి నేత, చింపుదామన్నా చిరగదు. అలాంటి గుడ్డ బజారులో కొనడం మా తరం కాదు. మరిది వాటిని చంకలో పెట్టుకుని పెళ్ళివారి కానుకలా నా చేతికిచ్చేవాడు. "వదినా, నీ చెయ్యి పడితే ఇవి పట్టుబట్టలైపోతాయి" అనేవాడు. పొగిడితే పొంగిపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే.

ఉడత బడిలో చేరిన ఏడు ఆ సంచులతో పరుపు గలీబు కుట్టాను, నేల మీద పరుచుకోవడానికి ఒక బొంత కుట్టాను, భుజానికి తగిలించుకునే పుస్తకాల సంచి కుట్టాను. సంచుల మీద నల్లసిరాతో కంపెనీ ముద్ర, దాని కింద పరాయి భాషలో చీమల్లాంటి అక్షరాలూ ఉండేవి. నా చేతిలో తయారైన వస్తువు మీద ఫ్యాక్టరీ ముద్ర కనపడటమా? బడిలో పిల్లలు ఏడిపించరూ? అందుకని లోపలి వైపు బయటికి వచ్చేలా తిరగేసి కుట్టాను. ముద్ర లోపలికి పోయింది, చీమల అక్షరాలూ లోపలికి పోయాయి. పీచు అంటుకుని ఉన్న వైపు బయటికొచ్చి పిల్ల చెంపకీ, పక్కన పడుకునే తల్లి చెంపకీ తగిలింది. ఆ అక్షరాలు ఏం చెప్తున్నాయో మాకు తెలియడానికి పాతికేళ్ళు పట్టింది.

మరిది గుండె ఆగి పోయిన ఆరేళ్ళకి చెల్లెలికి ఆయాసం మొదలైంది. మొదట మెట్లెక్కితే వచ్చేది, తర్వాత పక్క సర్దితే, తర్వాత మాట్లాడితే. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు. తీశారు, మళ్ళీ చేరింది. పెద్ద డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకి ఎదురుగా పెట్టి చాలాసేపు చూశాడు.

"మీరెక్కడ పనిచేసేవారమ్మా?"

"ఇంట్లోనే" అంది చెల్లెలు.

"మీవారు?"

చెప్పింది. డాక్టరు పెన్ను కింద పెట్టేశాడు. ఊపిరితిత్తి పొరకి పట్టే క్యాన్సరట. ఆ పీచు వల్ల వస్తుందట. ముప్పై నలభై ఏళ్ళు ఒంట్లో చప్పుడు లేకుండా ఉండి అప్పుడు లేస్తుందట. మందేమిటని అడిగితే, నొప్పి తెలియకుండా ఇస్తానన్నాడు. నా ఊపిరితిత్తులూ చూశారు, నాకేం లేదన్నారు. అన్ని సంచులు కోసి కుట్టినదాన్ని నాకెందుకు రాలేదని అడిగాను. ఎవరికి వస్తుందో చెప్పలేం అన్నాడు. ఉడతకీ ప్రస్తుతం ఏమీ లేదు కానీ, పసితనంలో పీల్చింది కాబట్టి బతికున్నంతకాలం ఏటా పరీక్షలు చేయించుకోవాలన్నాడు. దానికప్పటికి ముప్పై ఏళ్ళు. ఆ రోజు నుంచీ దగ్గు వస్తే చాలు, దాని మొహంలో రక్తం ఉండేది కాదు.

కేసు వేద్దామన్నది ఉడతే. మా లాయరమ్మ గట్టి మనిషి, నాకంటే కాస్త తక్కువ నోరు. ఫ్యాక్టరీ గుమ్మం తొక్కని మనిషికి జబ్బొస్తే కంపెనీ బాధ్యత ఉంటుందా ఉండదా, అసలు తగువంతా అక్కడే అంది. చెల్లెలికి పరిహారం అడిగింది, దాంతోపాటు ఉడతకి జీవితాంతం పరీక్షలూ అవసరమైతే వైద్యమూ కంపెనీయే చేయించాలని అడిగింది. చెల్లెలికి ఆ రెండో సంగతే కావాలి. "నా సంగతి తేలిపోయింది కదక్కా, దాని సంగతి చూడండి" అనేది. అటక మీద వెతికితే పాత సామాన్ల కింద ఉడత పుస్తకాల సంచి దొరికింది. కోర్టువాళ్ళు ప్లాస్టిక్‌లో చుట్టి, సీలు వేసి తీసుకెళ్ళారు.

కంపెనీ జవాబు వచ్చింది. సంచుల మీద హెచ్చరిక ముద్రించాం, పీల్చరాదని స్పష్టంగా రాశాం, ఆ ఇంట్లోవాళ్ళే తిరగేసి కుట్టి ఆ హెచ్చరిక దాచేసుకున్నారు అని. అది చదివించుకుని విన్న రోజు నేను మిషను మీద గుడ్డ కప్పేశాను. చీమల అక్షరాలంటే అవన్నమాట.

చెల్లెలు కోర్టుకి రాలేని స్థితిలో ఉంది. అందుకని వాంగ్మూలం తీసుకోవడానికి వాళ్ళే ఇంటికొచ్చారు. కెమెరా, టైపు చేసే మనిషి, రెండు పక్షాల లాయర్లు, అంతా కలిసి ఆ చిన్న గదిలో. నేను తర్వాత సాక్ష్యం చెప్పాల్సినదాన్ని కాబట్టి వినకూడదని బయటికి పంపేశారు. ఉడత నీళ్ళగ్లాసు పట్టుకుని లోపల ఉండిపోయింది. నేను మా ఇంట్లోకొచ్చి గోడకి చెవి ఆనించాను. తప్పే. నేనింతే.

"ఆ సంచుల్ని తిరగేసి కుట్టిందెవరు?" అని అడిగాడు కంపెనీ లాయరు. నెమ్మదైన మనిషి, గొంతు కూడా పెంచడు.

ఊపిరి అందడానికి చెల్లెలు ఆగింది. తర్వాత స్పష్టంగా అంది.

"నేనే."

గుండీ కుట్టలేని మనిషి. గోడ ఇవతల కింద కూలబడి ఏడవాలో నవ్వాలో తెలియక నోట్లో గుడ్డ కుక్కుకున్నాను.

వాళ్ళు వెళ్ళిపోయి, ఉడత మందులకని బజారుకి వెళ్ళాక చెల్లెలి మీద విరుచుకుపడ్డాను.

"ఎవరడిగారే నిన్ను? నా తప్పు నా నెత్తిన ఉండనివ్వవా?"

ఆయాసంతో అది పడుకోలేదు కదా, మంచం మీద దిళ్ళకి ఆనుకుని కూర్చునే ఉండేది. నా చెయ్యి పట్టుకుంది.

"వాళ్ళు నీ పేరు కోర్టు కాగితంలో రాస్తారక్కా. అది చదివి నీ మిషను దగ్గరికి ఎవరొస్తారు? నువ్వా మిషను లేకపోతే ఒక్క పూట ఉంటావా? నేనెలాగూ పోయేదాన్ని. నా పేరు రాసుకుంటే నాకేం పోతుంది?"

"రేపు బోనెక్కి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను, చూస్తూ ఉండు."

"చెప్తే నేను అబద్ధమాడానని నా మాటలన్నీ కొట్టేస్తారు. ఆయన బట్టలు దులిపిందీ ఉతికిందీ చెప్పడానికి నేను తప్ప ఎవరున్నారు? ఉడత పరీక్షలు గాలికి పోతాయి. కాస్త నోరు మూసుకోవే అక్కా, ఈ ఒక్కసారికి."

మర్నాడు లాయరమ్మ దగ్గరికెళ్ళి, సంచులు కుట్టింది నేనని చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఆవిడ వాంగ్మూలానికి ఎదురుగా ఉన్న మాట ఏదీ నాకు చెప్పకండి. నేను వినలేదు" అంది. మింగలేక కక్కలేక ఇంటికొచ్చాను.

ఆ తర్వాతే ఉడత తన తల్లి గదిలోకి వెళ్ళడం తగ్గించేసింది. అప్పటిదాకా జుట్టు దువ్వేది, కాళ్ళు పట్టేది. ఇప్పుడు మందు గుమ్మం దగ్గరున్న బల్ల మీద పెట్టి, "పెద్దమ్మా, నువ్వు వేసెయ్" అని వెళ్ళిపోయేది. తల్లిని ఆ స్థితిలో చూడలేక భయపడుతోందనుకున్నాను. చెల్లెలూ అదే అంది. "పసిది, భయపడుతోంది. బలవంతం చెయ్యకు." ముప్పై ఏళ్ళది పసిదట.

ఒక వాన మధ్యాహ్నం చెల్లెలు పోయింది. గోడ మీద రెండుసార్లు చప్పుడైతే వెళ్ళాను. నేను వెళ్ళేసరికి ఇంకా ఉంది. కళ్ళు గుమ్మం వైపున్నాయి. ఉడత వెనక గదిలో ఉంది, నేను కేకేస్తే వచ్చింది. అప్పటికే అయిపోయింది.

సాక్ష్యం రోజు వచ్చింది. కోర్టు గది మా బడి గదంత కూడా లేదు. జడ్జికి జలుబు, మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటున్నాడు. బట్టల దుమ్ము గురించి, శనివారం సంచుల గురించి లాయరమ్మ అడిగినవన్నీ గడగడా చెప్పాను. అప్పుడు ఆ నెమ్మదైన కంపెనీ లాయరు లేచాడు.

"మీరు కుట్టుపని చేస్తారు."

"నలభై ఏళ్ళుగా."

"పక్కింట్లోనే ఉంటారు. మీ చెల్లెలి ఇంట్లోకి గలీబు కావాలంటే మామూలుగా ఎవరు కుడతారు?"

"నాకు వచ్చే బేరాలకే నాకు తీరేది కాదు."

"నేనడిగింది అది కాదమ్మా. ఈ సంచి," అంటూ ప్లాస్టిక్‌లో ఉన్న దాన్ని ఎత్తి చూపించాడు, "దీన్ని తిరగేసి కుట్టిందెవరు?"

నా కుట్టు నాకు కనపడుతోంది. మూల దగ్గర మూడు వెనక్కుట్లు వేసి, ముడి లోపలికి తోస్తాను. నా దగ్గర పని నేర్చుకున్న వాళ్ళకి కూడా అది పట్టుబడలేదు. ఉడత మూడో వరసలో కూర్చుని ఉంది. దాని వంక చూడలేదు.

"మా చెల్లెలే" అన్నాను.

ఆయన తల ఊపి కూర్చున్నాడు. జడ్జి రాసుకున్నాడు. బోను దిగుతుంటే మెట్టు తప్పి లాయరమ్మ భుజం పట్టుకున్నాను. అందరూ నేను ఏడుస్తున్నాననుకున్నారు.

నాలుగు నెలలకి తీర్పు వచ్చింది. జడ్జి చదువుతుంటే లాయరమ్మ నా చెవిలో మామూలు మాటల్లో చెప్తూ వచ్చింది. పనివాడి ఒంటి మీద దుమ్ము అతనితోనే ఇంటికి పోతుందని కంపెనీకి తెలుసు, కాబట్టి ఇంట్లోవాళ్ళ బాధ్యత కూడా కంపెనీదే. ఆ హెచ్చరిక ఎవరికీ చదవడం రాని భాషలో ఉంది, అది ఉన్నా లేనట్టే. ఉడత పరీక్షలు, వైద్యం జీవితాంతం కంపెనీయే చూడాలి. లాయరమ్మ నా చెయ్యి నొక్కింది. గెలిచాం అంది.

జడ్జి ఇంకా చదువుతున్నాడు. అయితే, అన్నాడు. మృతురాలు స్వయంగా ఆ సంచులను తిరగేసి కుట్టి, పీచు అంటిన వైపును పైకి పెట్టి, ఉతకకుండానే బిడ్డకు పరుపుగా వాడటంలో తగినంత జాగ్రత్త వహించలేదు. కావున పరిహారంలో ఐదో వంతు తగ్గించడమైనది. కలం పక్కన పెట్టి ముక్కు తుడుచుకున్నాడు. పది మందిలో, గట్టిగా, మా చెల్లెలికి జాగ్రత్త లేదని చదివాడు. నేను ఆ బల్ల మీద కూర్చునే ఉన్నాను. జీవితమంతా అడ్డమైన వాళ్ళతోనూ అడ్డమైన వాటికీ పోట్లాడిన నా నోరు అప్పుడు పెగల్లేదు.

కంపెనీ పైకోర్టుకి వెళ్ళడానికి తొంభై రోజుల గడువుంది. ఆ తొంభై రోజులూ ఉడత నా గుమ్మం తొక్కలేదు. తొంభై ఒకటో రోజు పొద్దున్నే వచ్చింది. చేతిలో ఒక కవరు. మిషను మీద కప్పిన గుడ్డ తీసి, మడిచి, పక్కన పెట్టి, అక్కడ రెండు ఫోటోలు పరిచింది. పీచు అంటిన సంచి కాబట్టి కోర్టు తిరిగివ్వదట, పాతిపెట్టేస్తుందట. దాని ఫోటోలు మాత్రం తీర్పు నకలుతో ఇచ్చారు. ఒక దాంట్లో సంచి మూల పెద్దది చేసి ఉంది. మూడు వెనక్కుట్లు, లోపలికి తోసిన ముడి.

ఉడత తను వేసుకున్న చొక్కా అంచు తిరగేసి ఆ ఫోటో పక్కన పెట్టింది. అది నేను కుట్టిందే.

"గడువు నిన్నటితో అయిపోయింది పెద్దమ్మా. కంపెనీ పైకి వెళ్ళలేదు, లాయరమ్మని కనుక్కునే వచ్చాను. ఇక నువ్వేం చెప్పినా ఏదీ పోదు. ఇప్పుడు చెప్పు. ఎవరు కుట్టారు?"

"నేనే" అన్నాను.

అది కుర్చీలో కూర్చుండిపోయింది.

"అమ్మ వాళ్ళతో నేనే కుట్టానని చెప్తుంటే నేను పక్కనే ఉన్నాను. గ్లాసు పట్టుకుని. నా చిన్నప్పుడు కుట్టేదేమో, తర్వాత మానేసిందేమో అనుకున్నాను. ప్రతి దగ్గుకీ నేను చచ్చి బతుకుతున్నాను కదా, అదంతా అమ్మ చేతులతోనే వచ్చిందనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది. ఆ చేతులు నన్ను ముట్టుకుంటే భరించలేకపోయాను. చివరి రోజు నన్ను మూడుసార్లు పిలిచింది పెద్దమ్మా. నేను పక్క గదిలోనే ఉన్నాను. వినపడింది. వెళ్ళలేదు. అప్పుడే గోడ కొట్టి నిన్ను పిలిచింది."

భయం కాదన్నమాట, కోపం. తల్లికి తెలుసు. తెలిసే బలవంతం చెయ్యకంది. నిజం చెప్తే కూతురి నోటి నుంచి ఎక్కడ బయటపడుతుందోనని, కూతురి కోపం కూడా మీదేసుకుని పోయింది.

"నాకొక్కదానికి చెప్పొచ్చుగా పెద్దమ్మా. కోర్టుకి వద్దులే, నాకు."

"చెప్తే కేసు పోతుందని..."

"కేసు కోసమేనా?"

దాని కళ్ళు అచ్చం తల్లివి. ఆ కళ్ళ ముందు రెండోసారి అబద్ధం నా వల్ల కాలేదు.

"కాదు. మా చెల్లెలే అని బోనులో అన్నప్పుడు నాకు ప్రాణం తేలికపడింది. నా పేరు రాయలేదు కదా అని. ఒక్క క్షణమే, కానీ పడింది. తర్వాత నీ మొహం చూడాలంటే సిగ్గేసింది. నువ్వు రాకపోతేనే బాగుండుననిపించేది."

తిడితే బాగుండేది. తిట్లకి నేను జవాబు చెప్పగలను. దాని కోసం ఒకటే మిగిలి ఉంది నా దగ్గర, ఎవరికీ చెప్పనిది.

"ఇంకొకటి విను. సంచులు కోసి మిషను మీద పెట్టుకున్నప్పుడు మీ అమ్మ వచ్చింది. వేళ్ళతో రాసి చూసింది. 'అక్కా, ఇదేదో గుచ్చుకుంటోందే, పిల్లకి కదా, ఒకసారి ఉతికి ఆరేస్తాను, తర్వాత కుట్టు' అంది. ఉతికితే గుడ్డ బిగువు పోతుంది, కుట్టు సాగుతుంది అన్నాను నేను. రెండుసార్లు అడిగింది. కుట్టు సంగతి నీకేం తెలుసే అని కసిరాను. దులిపి కుట్టేశాను."

ఉడత తలెత్తింది.

"ఉతుకుదామందా అమ్మ?"

"అంది. తొట్టెలో నీళ్ళు కూడా పట్టి పెట్టుకుంది."

"మళ్ళీ చెప్పు" అంది.

చెప్పాను. గుచ్చుకుంటోందన్న దగ్గర నుంచీ. అది ఫోటోలు కవర్లో పెట్టేసి, కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. నా వంక చూడలేదు, నన్ను క్షమించిందని కూడా నేను అనుకోను. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని, ఆ మాట నా చేత ఇంకో నాలుగుసార్లు చెప్పించుకుంది.